పాతిక ఓముల ప్రదానం

శుభవార్త వచ్చేసరికి వకుళ డాబా మీద తడిచీర ఆరేస్తోంది. కింది వాటాలో ఉండే ఇంటావిడ పేపరు ఊపుకుంటూ మెట్లెక్కి వచ్చి, మీ ఆయనతో మాట్లాడుకోవడానికి ఏదో లావు తీగ కావాలంటావు కదా, ఊరికే ఇస్తారంట చూసుకో అంది. చీర సగం తాడు మీద, సగం భుజం మీద ఉండగానే వకుళ పేపరు అందుకుంది. వార్త చిన్నదే. పడవలరేవులోని ప్రజా దృశ్య ప్రసార సంస్థ వారు మిగులు విముక్తి వారోత్సవాలు జరుపుతున్నారు. తమ ఆవరణలో మిగిలిపోయిన కేబుల్ టీవీ లావు తీగను హామ్ రేడియో అభిరుచి ఉన్నవారికి ఉచితంగా అందజేస్తారు. సొంత సెట్టు పెట్టుకుని గాలిలో మాట్లాడుకునే ఆ హామ్ రేడియో అభిరుచి ఆ ఊళ్లో ఉన్నది వకుళ ఒక్కతికే. అంటే ఆ వార్త పేపర్లో వేసినా, ఉత్తరం తన పేరిట వచ్చినట్టే. ఆ సంతోషంలో ఇంటావిడకి బెల్లం టీ పెట్టి ఇచ్చింది, తనూ తాగింది, ఇంకాస్త ఉంటే ఆ చీరకి కూడా పోసేది.

వకుళ మెడలో పసుపుతాడు ఇంకా కొత్తగానే ఉంది. మొగుడు మురారి గోదావరికి అవతల మొగలిలంక బళ్లో సైన్సు మాస్టారు. ఇద్దరూ కాలేజీ రోజుల్లోనే రేడియో లైసెన్సు పరీక్ష రాశారు. అతను ఒక ఊళ్లో, ఆమె ఇంకో ఊళ్లో చదువుతుండగా గాలిలోనే పరిచయమయ్యారు. ముఖం చూడకముందే గొంతు నచ్చింది. పెద్దవాళ్లు పెళ్లిచూపులు ఏర్పాటు చేసిన రోజున వాళ్లిద్దరూ కొత్తవాళ్లలా నటించడానికి పడ్డ తంటా ఇప్పటికీ తలుచుకుని నవ్వుకుంటారు.

లంకకి వెళ్లాలంటే ఏరు దాటించే పంటు ఎక్కాలి. నీళ్లు పెరిగితే పంటు ఆగిపోతుంది, కరెంటు పోతుంది, కరెంటుతోపాటే ఫోను టవరూ కన్ను మూస్తుంది. అప్పుడిక మిగిలేది మురారి చేతిలో ఉన్న చిన్న రేడియో సెట్టు, ఇవతల వకుళ గదిలో ఉన్న పెద్ద సెట్టు. పెద్ద సెట్టుకి ఏంటెన్నా కావాలి. ఏంటెన్నా స్తంభం పాతుకోవడానికి ఇంటావిడ డాబా ఆ చివర మూల మాత్రమే చూపించింది. గది నుంచి స్తంభం కొస దాకా నలభై మీటర్ల తీగ పట్టింది. వకుళ కొన్నది పెన్సిలంత సన్నటి తీగ. అంత పొడుగులో ఆ తీగ, వచ్చిన సంకేతంలో నూటికి ఎనభై పాళ్లు తానే మింగేస్తుంది. గోదావరి దాటి వచ్చిన మాట డాబా దాటలేకపోతోంది.

ప్రతి సాయంత్రం మురారి ఒక కథ మొదలుపెడతాడు. హెడ్మాస్టారి మేక ఒకనాడు మధ్యాహ్న భోజనం వండే గదిలో దూరిందట. అక్కడిదాకా వినిపిస్తుంది. తర్వాత గరగర. మేక ఏం తిన్నదీ, ఎవరు చూసిందీ, హెడ్మాస్టారు ఏమన్నదీ వకుళకి ఇంతవరకూ తెలియలేదు.

వీధుల్లో స్తంభాల మీద కేబుల్ టీవీ కోసం పూర్వం లాగిన తీగ వేరు. బొటనవేలంత లావు, పైన అల్యూమినియం గొట్టం, లోపల రాగి. నలభై మీటర్లు నడిచినా సంకేతం చెక్కుచెదరదు. సంస్థవారు ఫైబర్ అనే గాజుతీగకి మారిపోయాక ఇది చుట్టలు చుట్టలుగా పెరట్లో పడి ఉంది. ఒక చుట్టలో ఏటా ఒక కుక్క పిల్లలు పెడుతుంది. దాని వల్ల సంస్థకి గానీ, దేశానికి గానీ ఇంకే ప్రయోజనమూ లేదు. ఆ మధ్యాహ్నమే వకుళ రెండు కొసలకీ తగిలించే కనెక్టర్లు కొనుక్కుని, అర్జీ రాసుకుని బయల్దేరింది.

మిగులు విముక్తి ప్రత్యేకాధికారి కూర్మాచలంగారి గదికి కొత్త బోర్డు వేలాడుతోంది. వారోత్సవాల్లో మొదటి అర్జీదారు అని తెలిసి ఆయన లేచి నిలబడినంత పని చేశాడు. మజ్జిగ తెప్పించాడు. తర్వాత అర్జీ చదవడం మొదలుపెట్టి, నాలుగో వాక్యం దగ్గర ఆగి, ఎర్ర సిరాతో ఒక మాట కింద గీత గీశాడు.

"ఇక్కడ అవసరం అన్నారేంటమ్మా?"

"అవసరమేనండి. అందుకే అడుగుతున్నాను."

కూర్మాచలంగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. చంటిపిల్లకి చెప్పినట్టు మెల్లగా చెప్పాడు. "నిబంధన మూడు ప్రకారం, ఎవరికీ అవసరం లేనిది మిగులు. తమరి అర్జీ అందేవరకు సదరు తీగ ఎవరికీ అవసరం లేదు. ప్రస్తుతం తమరికి అవసరం ఉన్నట్టు లిఖితపూర్వకంగా తేలింది. అంచేత సదరు తీగ మిగులు కాదు. మిగులు కానిదాన్ని మిగులు పథకం కింద ఇవ్వడానికి వీలుపడదు."

హాస్యమాడుతున్నాడనుకుని వకుళ నవ్వింది. ఆయన నవ్వలేదు. మజ్జిగ గ్లాసు మాత్రం కాస్త తన వైపుకి జరుపుకున్నాడు.

"మరి ఎవరికిస్తారండీ?"

"అక్కర్లేనివాళ్లకి."

ఆవిడ మొహం చూసి ఆయనకే జాలి వేసింది. మార్గం లేకపోలేదన్నాడు. అవసరం లేదని రాసిస్తే మానవతా దృక్పథంతో పరిశీలిస్తామన్నాడు. వకుళ అక్కడే వరండాలో కూర్చుని రెండో అర్జీ రాసింది. నాకు ఈ తీగ అవసరం ఏ కోశానా లేదు, గతంలో లేదు, ఇకముందు కలిగే సూచనలు కూడా లేవు, కావున దయచేసి నలభై మీటర్లు ఇప్పించగలరు అని. సూపరింటెండెంటు దమయంతిగారు దాన్ని రెండుసార్లు చదువుకుని, "ఆయ్, అర్జీ అంటే ఇలా ఉండాలండి" అని ముద్ర వేసింది.

అయితే ఊరికే లేదంటే సరిపోదట. లేకపోవడాన్ని స్వయంగా వచ్చి చూడాలట. ఉన్నదాన్ని చూడ్డానికి ఒక కన్ను చాలు గానీ, లేనిదాన్ని చూడాలంటే ఇద్దరు అధికారులూ, ఒక జీపూ, కొలతల టేపూ ఉండాలని ఆ సంస్థలో ఆనవాయితీ. జీపు వస్తున్న సంగతి విని వకుళ రేడియో సెట్టు మీద దుప్పటి కప్పింది. స్తంభాన్ని దాచడం కుదరదు కాబట్టి దానికి నాలుగు జాకెట్లూ ఒక తువ్వాలూ వేలాడదీసింది.

అవసరం లేకపోవడాన్ని కూర్మాచలంగారు ఎంతో శ్రద్ధగా తనిఖీ చేశాడు. వంటింట్లో లేదు. మంచం కింద లేదు. డాబా ఎక్కి స్తంభాన్ని ఎగాదిగా చూసి, బట్టలారేసుకోవడానికి ఇంత ఎత్తెందుకమ్మా అని అడిగాడు. అక్కడ గాలి బాగా ఆడుతుందండీ అంది వకుళ. దమయంతిగారు అది సబబేనని రాసుకుంది. ఇక దిగి సంతకం పెట్టడమే తరువాయి.

కిందికి వచ్చేసరికి దుప్పటి మాట్లాడింది.

"వకుళా... విన... నావా... నీళ్లు బడి మెట్ల... పిల్లల్ని పై... మేము..."

వకుళ ఆలోచించలేదు. దుప్పటి విసిరికొట్టి మైకు అందుకుంది. వింటున్నాను, మళ్లీ చెప్పు, మెట్ల దగ్గరికొచ్చాయా మెట్లెక్కాయా, ఓవర్ అని నాలుగుసార్లు అడిగింది. గరగరలోంచి "బాగానే" అన్న ముక్క ఒకటి, "మేక" అన్న ముక్క ఒకటి వచ్చాయి. తర్వాత ఏమీ రాలేదు. మెట్లకీ మేకకీ మధ్య ఏం జరిగిందో, అది మంచిదో చెడ్డదో ఆమెకి అందలేదు.

వెనక కూర్మాచలంగారి గొంతు నిదానంగా సాగుతోంది. దమయంతిగారు రాసుకుంటోంది. "ఇరువురికీ ఒకరి మాట ఒకరికి సరిగా వినబడటం లేదు. అయినా ఇరువురూ మానడం లేదు. కావున అవసరం తీవ్రస్థాయిలో ఉన్నట్టు ధ్రువీకరించడమైనది." తర్వాత వకుళ వైపు తిరిగి, పెళ్లెప్పుడైందమ్మా అని అడిగాడు. మొన్న చైత్రంలోనని చెప్పింది. అదీ సంగతి అని తలూపాడు.

"ఓ పదేళ్లాగి రండమ్మా. ఈ రకం అవసరం దానంతటదే తీరిపోతుంది. మా ఆవిడకీ నాకూ మధ్య ఇలాంటి తీగ వేశారనుకోండి, అది నూటికి నూరు పాళ్లూ మిగులే."

దమయంతిగారు దగ్గింది. అది రాయాలా వద్దా అని అడగడానికి కాబోలు.

మర్నాటి నుంచి ఆ తీగ దశ తిరిగిపోయింది. అవసరం రుజువైంది కాబట్టి అది ఇక ఎండకూ వానకూ పడి ఉండటానికి వీల్లేదన్నారు. చుట్టూ కంచె కట్టారు. పైన రేకుల షెడ్డు వేశారు. అబ్బులు అనే అతన్ని కాపలా పెట్టారు. అతని మొదటి డ్యూటీ కుక్కని వెళ్లగొట్టడం. అది పోతూ పోతూ వెనక్కి తిరిగి చూసిన చూపులో, ఆ ఆవరణలో ఆ తీగని నిజంగా వాడుకున్న ఏకైక ప్రాణిని తానేనన్న బాధ కనిపించిందని అబ్బులే తర్వాత చెప్పాడు. ఆపైన పై ఆఫీసుకి నివేదిక వెళ్లింది. సదరు తీగకు ప్రజల్లో గిరాకీ ఉన్నదనీ, ఉన్న నిల్వ చాలదనీ, అత్యవసరంగా కొత్త తీగ తెప్పించవలసిందనీ. రెండు రోజులు తిరక్కుండా లారీ వచ్చి, సంస్థ వాడటం మానేసిన తీగ సరికొత్త చుట్టలు దింపి వెళ్లింది.

ఈలోగా ఊళ్లోవాళ్లు కూడా వారోత్సవాల సంగతి పేపర్లో చూసి రావడం మొదలుపెట్టారు. గ్రంథాలయంవాళ్లు పాత కుర్చీలు అడిగారు. అడిగిన మరుక్షణం కుర్చీలు అవసర సామగ్రి అయిపోయి గోదాములో తాళం పడ్డాయి. గుమాస్తాలు నిలబడి ఫైళ్లు చూడసాగారు. అంగన్‌వాడీ టీచరు ఫ్యాను ఒకటి అడిగింది. అన్ని ఫ్యానులూ దించి గుడ్డలు చుట్టి దాచారు. వారోత్సవాలు సగానికి వచ్చేసరికి ఆఫీసులో ఎవరికీ అవసరం లేకుండా మిగిలింది కూర్మాచలంగారి బల్ల ఒక్కటే. దాన్ని మిగులు కింద రాశారు. దాంతో ఆయన నా బల్ల నాకు అవసరమని తనకి తానే అర్జీ పెట్టుకున్నాడు. అర్జీ ఆమోదించారు. బల్లని గోదాములో పెట్టారు.

వకుళకి ఇవన్నీ చూసి నవ్వుకునే తీరిక లేదు. గోదావరి వరదకి రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. పంటు ఆగిపోయింది. లంకలో కరెంటు పోయింది. రేవులో అడిగితే లంకవాళ్లకేం పర్లేదమ్మా అంటారు, ఆ మాట చెప్పేవాడికి లంకలో ఎవరూ ఉండరు. మురారి ఎవరిదో మోటార్‌సైకిల్ బ్యాటరీకి సెట్టు తగిలించుకుని సాయంత్రం పూట పిలుస్తున్నాడని మాత్రం తెలుస్తోంది. పిలుపు తెలుస్తోంది, మాట తెలియడం లేదు. రాత్రికి అతను ఎక్కడ పడుకుంటున్నాడో, తిన్నాడో లేదో, బడిలో నీళ్లు ఏ మెట్టు మీదున్నాయో తెలియాలంటే కావలసిన నలభై మీటర్లు రేకుల షెడ్డు కింద ఎండ తగలకుండా హాయిగా ఉన్నాయి. ఆమె వెళ్లి ఈ మాటే చెప్పింది. కూర్మాచలంగారు నిలబడే విన్నాడు, కుర్చీ లేదు కనుక. తమరు వచ్చి చెప్పినకొద్దీ తమరి అవసరం ఇంకా బలపడిపోతోందమ్మా, కేసు చెయ్యిజారిపోతోంది అని నొచ్చుకున్నాడు.

వారోత్సవాల చివరికి వచ్చేసరికి కంగారు ఆయన వంతైంది. మర్నాడు ముగింపు సభకి పెద్ద డైరెక్టరుగారు వస్తున్నారు. మిగులు అందుకున్న లబ్ధిదారు ఒక్కరైనా వేదిక మీద ఉండాలి. ఊళ్లో లబ్ధి పొందినవాళ్లెవరూ లేరు, ఆ కుక్కని లెక్కలోంచి తీసేస్తే. జీపు పంపి వకుళనే పిలిపించాడు. ఎక్కడో ఒక సందు దొరక్కపోదని దమయంతిగారు ఫైలు మొదటినుంచీ చదువుతూ ఉంది. చదువుతూ చదువుతూ ఒక చోట ఆగింది.

తీగ తయారీదార్లు దాని మీద డెబ్బై ఐదు ఓములు అని అచ్చు వేశారు. వకుళ అర్జీలో తన సెట్టు యాభై ఓములదని ఉంది. ఈ తేడాకి వివరణ లేదంది దమయంతిగారు. కూర్మాచలంగారి మొహం పాలిపోయింది. ఓములంటే ఏమిటో ఆయనకి తెలియదు గానీ, తేడా అంటే ఏమిటో బాగా తెలుసు. వకుళ ఓపిగ్గా చెప్పింది. అది తీగకుండే ఒక గుణం, కొలత. తీగదీ సెట్టుదీ ఒకటే అయితే శ్రేష్ఠం. కాస్త అటూ ఇటూ అయినా నష్టం చిటికెడు. తగిన పొడవుకి కోసుకుంటే ఆ చిటికెడూ ఉండదు. సన్నతీగ మింగేదానితో పోలిస్తే అది లెక్కలోకే రాదు.

ఆయన వినలేదు. గోడ వైపు చూస్తూ వేళ్ల మీద లెక్క వేస్తున్నాడు.

"అంటే తమరికి అవసరమైనవి యాభై."

"అవునండీ."

"తీగలో ఉన్నవి డెబ్బై ఐదు."

"అవునండీ, కానీ..."

"అంటే పాతిక ఓములు తమరికి అవసరం లేదు. మాకూ అవసరం లేదు." ఆయన గబుక్కున ఇటు తిరిగాడు. "దమయంతిగారూ, అవి మిగులు. అచ్చమైన మిగులు."

దమయంతిగారు కళ్లు తుడుచుకుంది. నిబంధన మూడు ఇంత స్వచ్ఛంగా వర్తించిన సందర్భం తన సర్వీసులో లేదంది. అప్పటికప్పుడు మంజూరు ఉత్తర్వు తయారైంది. శ్రీమతి వకుళ గారికి కేబుల్ టీవీ తీగ నుండి మిగులు పాతిక ఓములు శాశ్వత ప్రాతిపదికన ఉచితంగా ప్రదానం చేయడమైనది. తీగ మాత్రం, అవసర సామగ్రి అయినందువల్ల, సంస్థ అధీనంలోనే ఉండును.

వకుళ ఆ కాగితం చదివింది. ఎక్కడ మొదలుపెట్టి వివాదం చెయ్యాలో తెలియనంత గుండ్రంగా ఉంది అది. ఓములు తీగలోంచి విడిగా రావండీ అని ఒక్కసారి అని చూసింది. ఆ సంగతి సాంకేతిక విభాగం చూసుకుంటుందన్నాడు కూర్మాచలంగారు. వెండి పళ్లెంలో పట్టుగుడ్డ కప్పి డైరెక్టరుగారి చేతుల మీదుగా ఇస్తామన్నాడు. శాలువా కూడా ఉందన్నాడు. పేపరువాళ్లొస్తారు, నవ్వు మొహంతో రండమ్మా అన్నాడు.

"పట్టుకెళ్లడానికి సంచి తెచ్చుకోవాలా అండీ?"

"అది మీ ఇష్టం."

ఏడుపు ఆపుకుంటూ బయటికొచ్చిన వకుళ పెరట్లో అడుగుపెట్టి నిలబడిపోయింది. గేటు దగ్గర స్వాగత ద్వారం లేస్తోంది. వెదురు గడల మీద పెద్ద కమాను వంచి కట్టారు. ఆ కమాను కొస నేల మీదికి దిగి, సభకి వెళ్లే దారి పొడుగునా అటూ ఇటూ అలలు అలలుగా సాగి, వేదిక చుట్టూ తిరిగి ఆగింది. బొటనవేలంత లావు. కొత్త అల్యూమినియం ఎండలో తళతళలాడుతోంది. ఎంత లేదన్నా అరవై మీటర్లుంటుంది. అబ్బులు ముద్దబంతి దండ ఒకటి దానికి చుడుతున్నాడు.

ఆమె వెనక్కి తిరిగి, వెంట సాగనంపడానికి వచ్చిన కూర్మాచలంగారిని అదేమిటండీ అని అడిగింది.

మన తీగేనమ్మా అన్నాడాయన గర్వంగా. సంస్థ సొంత వాడకానికి అనుమతితో పనిలేదట. డైరెక్టరుగారికి మన సామగ్రితోనే స్వాగతం చెప్పాలన్న ఆలోచన ఆయనదేనట.

వకుళ దుఃఖం ఎక్కడిదక్కడే ఆగిపోయింది. చాలా వినయంగా, ఎక్కడైనా కోశారా అండీ అని అడిగింది.

"కోయడమా? ఎంత మాట. సంస్థ ఆస్తిని ధ్వంసం చేయడమవుతుంది. ఆ కొస నుంచి ఈ కొస దాకా ఏకఖండం."

"మరి సభయ్యాక?"

"ఉత్సవం ముగిసిన మరుక్షణం అలంకరణంతా చెత్త కిందికి వస్తుందమ్మా. చెత్త మా శాఖ కాదు. మధ్యాహ్నం మునిసిపాలిటీ బండి వచ్చి ఎత్తుకుపోతుంది."

"ఆ చెత్త ఎవరికైనా అవసరమైతేనో?"

కూర్మాచలంగారు నిజాయితీగా ఆలోచించాడు. నిబంధనలన్నీ మనసులో తిరగేశాడు. "చెత్త అవసరమయ్యేవాళ్ల గురించి నిబంధనల్లో ప్రస్తావన లేదమ్మా" అన్నాడు చివరికి.

వకుళ ఆయనకి నమస్కారం పెట్టింది. ఆయన అది పాతిక ఓములకనుకుని ఆనందంగా అందుకున్నాడు. దారిలో ఆమె బజారుకి వెళ్లి మంచి రంపం ఒకటి కొంది. ఇంటావిడతో, రేపు మధ్యాహ్నం ఒక కొస మీరు పట్టుకోవాలి పిన్నిగారూ అని చెప్పింది. సభలో కప్పే శాలువాయా అని అడిగిందావిడ. కాదు, చెత్త అని చెప్పి డాబా మెట్లు రెండేసి చొప్పున ఎక్కేసింది.

ఆ సాయంత్రం మురారి పిలుపు రోజూకంటే సన్నగా వచ్చింది. బ్యాటరీ దిగిపోతోంది కాబోలు. నీళ్లు, పిల్లలు, మేక, అన్నీ గరగరలో కలిసిపోతున్నాయి. అతను ఊపిరి తీసుకోవడానికి ఆగిన చోట వకుళ మైకు నొక్కింది.

"మురారీ, వినబడినంతవరకే విను. రేపు పొద్దున సభలో నాకు పాతిక ఓములు ఇస్తున్నారు. శాలువా కప్పించుకుంటాను. మధ్యాహ్నం చెత్తబండి రాకముందే సభా ప్రాంగణం నేను ఊడుస్తాను. సాయంత్రానికి తీగ పైకెక్కుతుంది. బ్యాటరీ దాచుకో. ఈ రాత్రికి ఇంకేమీ చెప్పొద్దు. మేక కథ రేపు మొదటినుంచీ చెబుదువు గాని. ఓవర్."